రేగడి పొలంలో తొలి వానాకాలం: ఊళ్ళో ఒక గది తీసుకో తమ్ముడూ

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మూడు రోజులు మేడ మీదే ఉన్నాం. పాప పాల ప్యాకెట్ కోసం పడవకి చేతులూపాం. ఇంక ఈ ఊరు వద్దు, సొంత నేల మీద ఉందాం అని అప్పుడే అనుకున్నాను. ప్రత్తిపాడు దాటాక పెదనందిపాడు వైపు ఎకరంన్నర రేగడి కొన్నాను. నాది ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం. ఈ జూన్‌లో పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవున రేకుల షెడ్డు వేసి నేను, నా భార్య, నాలుగేళ్ల పాప దిగాం. వానలు పట్టుకున్నాక టెన్షన్ మొదలైంది. షెడ్డు చుట్టూ నీళ్ళు నిలుస్తున్నాయి. డొంకలో బండి కదలదు. పోయిన వారం గాలికి రెండు రేకులు లేచిపోయాయి. టార్పాలిన్ కడితే నీళ్ళు పట్టి పొట్టలా వేలాడి చిరిగింది. బాత్రూమ్ ఇంకా కట్టలేదు. నా భార్య పాపను తీసుకుని పుట్టింటికి వెళ్ళింది, వానలు తగ్గాక వస్తానంది. నాన్నగారు అమ్మేసి వచ్చేయమంటున్నారు. ఇప్పుడు వెనక్కి వెళితే అందరూ నవ్వుతారు. ఎలాగైనా ఇక్కడే తట్టుకోవాలని ఉంది. రేకులు ఎలా బిగించాలి? ఎలాంటి టార్పాలిన్ కొనాలి? వెంటనే ఇంటి పునాది మొదలుపెట్టేస్తే మంచిదా?

సమాధానం:

తమ్ముడూ,

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే చనువు తీసుకుంటున్నాను. నువ్వు అడిగినవి మూడు: రేకులు, టార్పాలిన్, పునాది. వాటి మధ్యలో "బాత్రూమ్ ఇంకా కట్టలేదు" అని ఒక్క ముక్క రాసి దాటిపోయావు. జూన్ నుంచి లెక్కేసుకో ఎన్ని నెలలైందో. నీ భార్య వానకు భయపడి వెళ్ళిందని నువ్వనుకుంటున్నావు. నాకలా అనిపించలేదు. తెల్లారకముందే టార్చి పట్టుకుని, చెప్పులు బురదలో ఊడిపోతుంటే, నిద్ర కళ్ళ పిల్లను ఎత్తుకుని గట్టు దాకా నడిచి రావడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేనూ నడిచాను.

కారణాలు తర్వాత చెప్తాను, ముందు సమాధానం విను. పొలం అమ్మొద్దు. అలాగని షెడ్డులో పడుకోనూ వద్దు. నీ పొలానికి దగ్గరున్న ఊళ్ళో, స్లాబు వేసిన ఇంట్లో, బాత్రూమ్ ఉన్న ఒక గది సంక్రాంతి దాకా అద్దెకు తీసుకో. విజయవాడలో కట్టే అద్దెతో పోలిస్తే అది నీకు బరువేమీ కాదు. పగలు పొలంలో, రాత్రి ఊళ్ళో. షెడ్డు సామాన్ల కొట్టుగా ఉంటుంది. పునాది జోలికి ఇప్పుడు వెళ్ళొద్దు.

ఇది వెనక్కి వెళ్ళడం కాదా అంటావేమో. నీ చుట్టుపక్కల రైతుల్ని ఒకసారి చూడు. పొలంలో కాపురం ఉన్నవాళ్ళు ఎంతమంది? ఊరేమో మెరక మీద, చుట్టూ పొలాలు పల్లంలో. మన రేగడి ఊళ్ళన్నీ దాదాపు ఇంతే. పొలంలో ఉండేది మోటారు కొట్టు, గొడ్ల పాక, మిరపకాయలు కల్లంలో ఉన్నప్పుడు కాపలాకి వేసుకునే నులక మంచం. అది కూడా ఎండాకాలంలో. ఆ రైతులకు కష్టం చేతకాక ఊళ్ళో పడుకుంటున్నారా? బుడమేరు నుంచి తప్పించుకుందామని వచ్చి, ఊరివాళ్ళు ఎవరూ పడుకోని పల్లంలో మంచం వేశావు. నిన్ను చూసి నవ్వేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇందుకే నవ్వుతారు గానీ గది తీసుకున్నందుకు కాదు.

మా కథ చెప్తాను. కాకుమాను వైపు రెండెకరాలు తీసుకుని, 2010 సంక్రాంతికి మేమిద్దరం పొలంలో రేకుల వసారా వేసుకున్నాం. మే నెల. రోహిణి కార్తె ఇంకా రాలేదు, ఎండలు మండిపోతున్నాయి, వాన ఊసు ఎవరికీ లేదు. రేడియోలో తుఫాను అంటే మా ఆయన నవ్వాడు. 19న మధ్యాహ్నం పక్క పొలం పెద్దాయన గట్టు మీద నిలబడి, "అమ్మాయ్, సామాన్లు తర్వాత సర్దుకుందువు గానీ ముందు ఊళ్ళోకి నడు" అని కేకేశాడు. ఆయన మాట కాదనలేక వెళ్ళాం. మర్నాడు, మే 20న, లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది.

గాలి తగ్గాక వచ్చి చూస్తే సర్వి వాసాలు అలాగే ఉన్నాయి, మేకులూ అలాగే ఉన్నాయి. ఒక్కో మేకు తల కింద రూపాయి బిళ్ళంత రేకు ముక్క. మిగతా రేకంతా మూడు పొలాల అవతల మడత పడి ఉంది. గాలి కప్పును పైనుంచి నొక్కుతుందని అప్పటిదాకా అనుకునేదాన్ని. అసలు జరిగేది వేరు. తెరిచి ఉన్న వైపు నుంచి లోపలికి దూరి కింద నుంచి ఎత్తుతుంది, పైన పోయే గాలి లాగుతుంది. మేకు ఊడకపోయినా దాని చుట్టూ రేకు చిరిగి పోతుంది.

కాబట్టి రేకుల సంగతి ఇది. మేకులు తీసేసి, కొక్కెంలా వంగి వాసాన్ని పట్టుకునే జె బోల్టులు వేయించు. ప్రతి బోల్టు కింద వెడల్పాటి వాషరు, దాని కింద రబ్బరు వాషరు ఉండాలి. బోల్టు రేకు మడతలో ఎత్తుగా ఉన్న చోట పడాలి, పల్లంలో కొడితే అక్కడే కారుతుంది. అంచుల్లో, చూరు దగ్గర, మూలల్లో దగ్గర దగ్గరగా వేయించు, లేవడం అక్కడే మొదలవుతుంది. చాలామంది మర్చిపోయేది ఇంకోటుంది. రేకు వాసాన్ని గట్టిగా పట్టుకున్నా, వాసం గుంజను పట్టుకోకపోతే కప్పు మొత్తం ఒకేసారి లేస్తుంది. ప్రతి గుంజ దగ్గర వాసానికీ గుంజకీ కలిపి ఇనుప పట్టీ గానీ మెలేసిన జీఐ తీగ గానీ బిగించు. ముందు వైపు తెరిచి ఉంటే తడికో తలుపో పెట్టు. రేకుల మీద ఇటుకలు, రాళ్ళు మాత్రం పెట్టకు. గాలికి అవే ఎగిరి వచ్చి తగులుతాయి. ఇసుక బస్తాలు మామూలు ఈదురుగాలికి పనికొస్తాయి, తుఫానుకు కాదు.

ఇంత చేసినా తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఆ షెడ్డులో మనిషి ఉండకూడదు. హస్త తర్వాత చిత్త, స్వాతి, విశాఖ. "విశాఖ విసరకుంటే" అని సామెతలో ఊరికే అనలేదు. 1977 దివిసీమ ఉప్పెన నవంబరు 19న. 2023లో మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. మన దగ్గర వానాకాలం సెప్టెంబరుతో అయిపోదు, అసలు గాలులు అప్పుడే మొదలవుతాయి. అందుకే సంక్రాంతి దాకా అన్నాను. విపత్తుల సంస్థ కంట్రోల్ రూమ్ 1070, అత్యవసరానికి 112. ఫోన్‌లో పెట్టుకో.

టార్పాలిన్ గురించి గుంటూరులో పుట్టినవాళ్ళని అడగాలి గానీ ఆన్‌లైన్‌లో వెతకడం దేనికి? కోట్ల రూపాయల మిరపకాయలు ఇక్కడ టార్పాలిన్ పట్టాల కిందే బతుకుతాయి. గుంటూరులో మిర్చి రైతులకు పట్టాలు అమ్మే షాపుకెళ్ళి మందపాటిది, 250 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువు) అయినా ఉండేది అడుగు. అంచుల్లో కన్నాలకు ఇత్తడి రింగులు ఉన్నాయో లేదో చూడు. నీది చిరగడానికి పట్టా ఒక్కటే కారణం కాదు, బల్లపరుపుగా కట్టావు. కల్లంలో రాశి మీద పట్టా కప్పినప్పుడు నీళ్ళు ఎక్కడా నిలవవు, ఎందుకంటే కింద రాశి గోపురంలా ఉంటుంది. నువ్వూ మధ్యలో నడికర్ర వేసి రెండు వైపులా వాలు ఇవ్వు. తాళ్ళు కొంచెం సాగేలా కట్టు. కల్లం చుట్టూ రైతు బోదె తీస్తాడు చూడు, అలాగే షెడ్డు చుట్టూ చూరు నీళ్ళు పడే చోటికి అవతలగా జానెడు లోతు బోదె తీసి పల్లం వైపు దారి చూపించు. ఈ పని రేపే చెయ్యి. పలుగూ పారా ఉంటే ఒక్క పూట పని.

ఇక పునాది. తమ్ముడూ, రేగడి గురించి నీకెవరూ చెప్పలేదా, లేక అమ్మినవాళ్ళు చెప్పకుండా ఉన్నారా? ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్ళిస్తుంది. ఏటా ఇదే. పైపైన పునాది వేస్తే రెండేళ్లకు గోడలు కిటికీ మూలల నుంచి బీటలు తీస్తాయి. ఇప్పుడు గొయ్యి తీస్తే రాత్రికి నీళ్ళు, పొద్దున్నే అంచులు కూలడం. కూలీల డబ్బు ఆ నీళ్ళలోనే పోతుంది. ఏప్రిల్ దాకా ఆగు. పగుళ్ళు బాగా తెరుచుకున్నాక సన్నటి ఇనప కడ్డీ దించి చూడు, ఎంత లోతు పోతుందో. పునాది ఆ లోతు కంటే కిందకి వెళ్ళాలి. ఆ కొలత పట్టుకుని ఇంజనీరు దగ్గరికి వెళితే ఆయన కూడా నీతో మర్యాదగా మాట్లాడతాడు. రేగడికి తగ్గట్టు పైల్స్ (నేలలోకి లోతుగా దించే స్తంభాలు) వెయ్యాలా, అడుగున గ్రావెల్ నింపాలా అన్నది ఆయన పని.

డబ్బు ముందుగా ఇంటి మీద పెట్టకు. దారి మీద పెట్టు. డొంక నుంచి ఇల్లు కట్టబోయే చోటి దాకా ఫిబ్రవరిలో ఎర్ర గ్రావెల్ తోలించు. దారి లేకపోతే ఇటుక లారీ రాదు, సిమెంటు ట్రాక్టరు రాదు, రాత్రిపూట అంబులెన్సు రాదు. ఇప్పుడే తోలిద్దామని తొందరపడితే ట్రాక్టరు చక్రాలు డొంకను మోకాలి లోతు చీలుస్తాయి, ఆ దారిన పోయే రైతులంతా నీకు శత్రువులవుతారు. కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాడికి అది మంచిది కాదు. ప్రస్తుతానికి నడవడానికి పల్నాడు నాపరాళ్ళు కొన్ని తెచ్చి అడుగుకొకటి పరుచుకో. బండి తారు రోడ్డు మీదే ఆపు. మడ్‌గార్డులో రేగడి ఇరుక్కుంటే చక్రం తిరగదు, పుల్లతో తవ్వుకుంటూ వానలో కూర్చోవాలి. ఆ అనుభవం నీకు ఈపాటికే అయ్యుంటుంది.

మరి ఈ మూడు నెలలు పొలంలో ఏం చెయ్యాలి? నీళ్ళను చూడాలి. నా ఉద్దేశంలో ఏడాది మొత్తంలో ఇంతకంటే విలువైన పని లేదు. ఓ ముప్పై కర్రలు కోసి, చివర ఎర్ర రంగు పూసి ఉంచుకో. గట్టి వాన పడిన ప్రతిసారీ గొడుగేసుకుని పొలం చుట్టూ తిరుగు. నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయో అక్కడ కర్ర పాతు. ఏ గట్టు తెగింది, పక్క పొలం నీళ్ళు ఏ మూల నుంచి నీ పొలంలోకి దిగుతున్నాయి, ఎన్ని రోజులకు ఇంకుతున్నాయి, అన్నీ ఒక నోట్‌బుక్‌లో తారీఖు వేసి రాయి. ఫోన్‌లో వీడియో కూడా తీసుకో. ఎండాకాలంలో కొన్నవాడికి పొలమంతా ఒకేలా కనిపిస్తుంది. రెండు వానలు పడితే చాలు, ఏ మూల మెరకో ఏ మూల చెరువో అదే చెప్తుంది. ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని 1977లో, 1990 మేలో, లైలాకి ఇక్కడ ఎంత నీళ్ళు వచ్చాయో, నల్లమడ వాగు పొంగితే ఈ డొంక ఎన్నాళ్ళు మూతపడుతుందో అడుగు. వాళ్ళు మోకాలు చూపించి "ఇంత" అంటారు. ఆ మోకాలు కూడా నోట్‌బుక్‌లో రాసుకో. ఊళ్ళో గది తీసుకుంటే వచ్చే లాభం కూడా ఇదే. సాయంత్రం అరుగు మీద కూర్చున్నవాడికి చెప్పే సంగతులు షెడ్డులో ఒంటరిగా పడుకున్నవాడికి ఎవరూ వచ్చి చెప్పరు.

నిన్ను భయపెట్టాలని కాదు గానీ పాముల గురించి చెప్పకుండా దాటలేను. వానలకు కన్నాల్లో నీళ్ళు నిండితే ఎలుకలు, కప్పలు మెరక వెతుక్కుంటూ నీ షెడ్డులోకి వస్తాయి. వాటి వెనకే పాములు. పగలు పొలంలో భయం రక్తపింజరతో. రాత్రి భయం కట్లపాముతో. కట్లపాము నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కాటేస్తుంది, కాటుకు దాదాపు నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. నిద్రలోంచి లేచి కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి అందదు. గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టిన ఇళ్ళున్నాయి. అందుకే ఎక్కడ పడుకున్నా మంచం మీదే, దోమతెర అంచులు పరుపు కిందకి దోపుకుని పడుకోండి. పాపకు ఇది అలవాటు చేయండి. బూట్లు దులపకుండా తొడగొద్దు. కాటు పడిందని అనుమానం వచ్చినా కట్టు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళాలి. నీకు దగ్గర్లో విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ప్రభుత్వాసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కో. ఒకసారి రాత్రిపూట అక్కడి దాకా బండి మీద వెళ్ళి ఎంతసేపు పడుతుందో చూసిరా. డొంక బురదలో ఉంటే ఎంతసేపు పడుతుందో కూడా లెక్కేసుకో. ఆ లెక్క చూసుకున్నాక షెడ్డులో పడుకోవాలన్న పట్టుదల దానంతట అదే తగ్గుతుంది.

కరెంటు సంగతి కూడా అంతే సీరియస్. తడి చేత్తో స్టార్టరు డబ్బా ముట్టుకోవద్దు. షెడ్డులోకి లాగిన వైరు రేకులకు తగలకూడదు, తగిలి తొడుగు చిరిగితే షెడ్డు మొత్తం కొడుతుంది. షాక్ కొట్టగానే కరెంటు తెంపేసే స్విచ్చి, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించు. ల్యాప్‌టాప్ ఊళ్ళో గదిలోనే ఉంచు, నీ ఉద్యోగం ఈ పొలానికి పెట్టుబడి.

వంటకి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. పగటి టీకి, అన్నానికి 5 కిలోల చిన్న సిలిండరు చాలు. పక్క రైతులు పత్తి కట్టె, కంది కట్టె ఊరికే ఇస్తారు, కానీ ఇటుకల మీద పేర్చి పట్టా కప్పకపోతే పొగ తప్ప మంట రాదు.

నీళ్ళ విషయంలో ఒక చిన్న లెక్క. నీ షెడ్డు కప్పు 240 చదరపు అడుగులు. సెంటీమీటరు వాన పడితే దాని మీద దాదాపు 220 లీటర్లు దిగుతాయి. చూరుకు పీవీసీ పైపును నిలువునా చీల్చి కట్టి డ్రమ్ములోకి వదులు. మొదటి పది నిమిషాల నీళ్ళు పారబొయ్యి. కాళ్ళు కడుక్కోవడానికి, గిన్నెలకు, బాత్రూమ్‌కి అవి చాలు. తాగడానికి మాత్రం కాచిన నీళ్ళు, లేదంటే క్యాన్.

ఇప్పుడు బాత్రూమ్. ఇంటి కంటే ముందు, వంటగది కంటే ముందు కట్టాల్సింది ఇదే. రేగడిలో వానాకాలం గొయ్యి నీళ్ళు పీల్చుకోదు, నిండి పైకి తంతుంది. అందుకని మెరక మూల చూసి, నేల కంటే రెండడుగులు ఎత్తున దిమ్మె కట్టి, సిమెంటు వరలతో రెండు గుంటలు పెట్టించు. ఒకటి నిండితే రెండోది వాడొచ్చు. బోరుకు కనీసం పది మీటర్ల దూరం ఉండాలి. తలుపుకు లోపల గడియ, ఒక లైటు, పాప అందుకునే ఎత్తులో ఒక కొక్కెం. మెరక మూల ఏదో కర్రలు పాతాక నీకే తెలుస్తుంది, డిసెంబరు చివర్లో పని మొదలుపెట్టొచ్చు. గోడలు ఎక్కడ రావాలో, తలుపు ఎటు తిరగాలో నీ భార్యను నిర్ణయించమను. ఫోన్ చేసినప్పుడు "ఎప్పుడొస్తావ్" అని అడగకు. "గది చూశాను, బాత్రూమ్ లోపలే ఉంది, ఒకసారి వచ్చి చూస్తావా" అని అడుగు. ఆవిడ వానలు తగ్గాక వస్తానంది గానీ రానని అనలేదు, ఆ మాట నువ్వే రాశావు.

మీ నాన్నగారితో వాదన పెట్టుకోకు. మూడు రోజులు వరద నీళ్ళ మధ్య మనవరాలిని చూసిన మనిషి ఆయన, మళ్ళీ నీళ్ళ మధ్యే చూస్తే అమ్మేయమనక ఏమంటాడు? ఫిబ్రవరిలో గ్రావెల్ దారి పడ్డాక, ఒక ఆదివారం తీసుకొచ్చి కూర్చోబెట్టు. అప్పుడు ఆయనేమంటారో విను.

రేపు బోదె తియ్యి, ఎల్లుండి గది వెతుకు. సంక్రాంతి వెళ్ళాక ఆ ముప్పై కర్రలు ఎక్కడెక్కడ నిలబడ్డాయో కాగితం మీద గీసి నాకు పంపు. ఇల్లు ఏ మూల కట్టాలో అది చూసి మాట్లాడుకుందాం.

మీ అక్క